ఎక్స్‌రేలో కనిపించని ఆయాసం

(సూర్యాపేటలో ఇచ్చిన స్మారకోపన్యాసానికి అచ్చు రూపం)



షుగరు గురించో గుండెపోటు గురించో మాట్లాడితే హాలు నిండుతుందని నిర్వాహకులు మొహమాటపడుతూనే అన్నారు. ఆ మాట నిజమే. అయినా నేను అరుదైన జబ్బునే ఎంచుకున్నాను. కారణం, ఈ ఉపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆ పెద్ద డాక్టరుగారే. ఆయన స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకోకముందే "ఏం పని చేస్తవు? ఎన్నేండ్ల సంది? అంతకుముందు ఏం చేసినవు?" అని అడిగేవారు. నేను చెప్పబోయే జబ్బు చాలాసార్లు ఆ మూడు ప్రశ్నలకే దొరుకుతుంది. అవి అడగకపోతే ఎంత ఖరీదైన యంత్రం ఉన్నా దొరకదు.

దాని పేరు కన్‌స్ట్రిక్టివ్ బ్రాంకియోలైటిస్. పాత పుస్తకాల్లో ఆబ్లిటరేటివ్ బ్రాంకియోలైటిస్ అని ఉంటుంది. ఊపిరితిత్తుల్లో అతి సన్నటి శ్వాసనాళాలు గాయపడి, మచ్చకట్టి, ఇరుకై, చివరికి పూడిపోవడం దీని స్వభావం.

మిర్యాలగూడ వైపు నుంచి నలభై ఏళ్ల మనిషి మీ ఓపీకి వచ్చాడనుకోండి. బీడీ అలవాటు లేదు. కొన్ని నెలలుగా పొడి దగ్గు, బస్తా ఎత్తితే దమ్ము. ఊళ్లో ఆర్ఎంపీ సూదులు వేశాడు. టౌనుకు వస్తే ఎక్స్‌రే తీసి అంతా బాగానే ఉందన్నారు. తెమడలో టీబీ లేదు. ఉబ్బసమేమోనని పంపు రాసిచ్చారు. పంపు కొట్టినా తేడా లేదు. ఉబ్బసం ఉన్న మనిషికి మంచి రోజులూ చెడ్డ రోజులూ ఉంటాయి. రాత్రి నిద్రలేపిన ఆయాసం పొద్దెక్కేసరికి తేలికపడుతుంది. ఈయనకు అలా కాదు. ఇవాళ నిన్నటంతే, ఈ నెల పోయిన నెలకంటే కాస్త ఎక్కువ. పిల్లికూతలు పెద్దగా వినపడవు. జాగ్రత్తగా వింటే గాలి పీల్చేటప్పుడు చిన్నగా కీచుమన్న శబ్దం మాత్రం తగలొచ్చు. ఎక్స్‌రే బాగుంది, మందు పనిచేయలేదు అనే రెండు మాటలు కలిపి చూసిన డాక్టరు చాలాసార్లు "మనసులో ఏదో దిగులు ఉన్నట్టుంది" అని నిద్రమాత్ర రాస్తాడు. ఆ చీటీలు నేను చాలా చూశాను.

ఎక్స్‌రే ఎందుకు మోసం చేస్తుందో అర్థం కావాలంటే ఊపిరితిత్తి నిర్మాణం కొంచెం తెలియాలి. 1963లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త ఎవాల్డ్ వైబెల్ శ్వాసనాళాల కొమ్మలను లెక్కకట్టాడు. గొంతు కింది పెద్ద గొట్టం నుంచి గాలిబుడగల దాకా 23 సార్లు చీలిక. పెద్ద గొట్టం నోటి వైశాల్యం రెండున్నర చదరపు సెంటీమీటర్లు. పదహారో చీలిక దగ్గర నాళాలన్నిటినీ కలిపితే 180, ఆఖరి చీలిక దగ్గర 11 వేలు దాటుతుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద సేద్యం చేసేవారికి దీన్ని వేరే చెప్పక్కర్లేదు. ప్రధాన కాలువ ఒక్కటే, మేజర్లు కొన్ని, మైనర్లు ఇంకొన్ని, పొలాల మధ్య పిల్ల కాలువలు లెక్కలేనన్ని. వందల పిల్ల కాలువలు పూడిపోయినా హెడ్ రెగ్యులేటర్ దగ్గర కొలత మారదు. చివరి ఆయకట్టు రైతుకు మాత్రం ఆ సంగతి మొదటి రోజే తెలుస్తుంది.

రెండు మిల్లీమీటర్ల కంటే సన్నటి నాళాలను స్మాల్ ఎయిర్‌వేస్ అంటాం. 1960ల ద్వితీయార్ధంలో మాక్లెమ్, మీడ్, హాగ్ అనే పరిశోధకులు వీటిలో గాలికి కలిగే అడ్డంకిని విడిగా కొలిచారు. ఆరోగ్యవంతుల్లో మొత్తం అడ్డంకిలో వీటి వాటా చాలా తక్కువ. అంటే ఇవి సగానికి సగం పాడైనా మామూలు ఊదే పరీక్షలో, అంటే స్పైరోమెట్రీలో, పెద్ద తేడా రాకపోవచ్చు. అందుకే 1970లో మీడ్ ఈ ప్రాంతాన్ని ఊపిరితిత్తుల్లోని మౌన మండలం అన్నాడు. రోగి లక్షణాలు చెప్పుకునే నాటికి నష్టం చాలా దూరం వెళ్లిపోయి ఉంటుంది.

ఇప్పుడు పాథాలజీ. విద్యార్థులు ఇక్కడ కాస్త ఓపిక పట్టాలి, జబ్బు అసలు రూపం ఇదే.

ఈ జబ్బును 1901లో జర్మన్ వైద్యుడు విల్‌హెల్మ్ లాంగే ఇద్దరు రోగుల్లో వర్ణించాడు. ముందు సన్ననాళం లోపలి పొర గాయపడుతుంది. ఆ పొర కణాలు రాలిపోతాయి, లింఫోసైట్లు చేరతాయి. గాయం చిన్నదైతే పొర మళ్లీ పుడుతుంది. పెద్దదైతే లేదా పదేపదే తగిలితే బాగుచేసే పని దారితప్పుతుంది. పొర కింద, కండరపు పట్టీకి లోపల, కొల్లాజన్ పేరుకుంటుంది. నాళం చుట్టూరా సమంగా మందమవుతుంది, లోపలి దారి సన్నబడుతుంది. కొన్నిచోట్ల దారి పూర్తిగా మూసుకుపోయి చిన్న మచ్చ మిగులుతుంది. పక్కనున్న గాలిబుడగలు మాత్రం దాదాపు చెక్కుచెదరవు. స్లైడు చూసేవారిని తికమకపెట్టేది ఇదే. తక్కువ పవర్‌లో అంతా మామూలుగా కనిపిస్తుంది.

అనుభవమున్న పాథాలజిస్టు లేనిదాన్ని వెతుకుతాడు. ఊపిరితిత్తిలో ప్రతి చిన్న శ్వాసనాళానికీ పక్కనే ఒక చిన్న ధమని ఉంటుంది. స్లైడులో ధమని కనిపించి, దాని పక్కన నాళం లేకపోతే ఆగాలి. మామూలు హెచ్ అండ్ ఈ రంగులో ఆ చోట గులాబీ మచ్చ తప్ప ఏమీ ఉండదు. ఎలాస్టిక్ రంగు వేస్తే నల్లటి సాగుతీగల వలయం బయటపడుతుంది, అంటే ఒకప్పుడు అక్కడ నాళం ఉండేదన్నమాట. ట్రైక్రోమ్ రంగు కొల్లాజన్‌ను చూపిస్తుంది. మార్పులు అక్కడక్కడే ఉంటాయి కాబట్టి బ్రాంకోస్కోపు నుంచి తీసే చిన్న ముక్కలు చాలావరకు పనికిరావు. సర్జరీ ద్వారా తీసిన పెద్ద ముక్కను కూడా లోతులు మార్చి కోసి చూడాలి. ఎలాస్టిక్ స్టెయిన్ కావాలని చీటీలో ఒక్క ముక్క రాస్తే రిపోర్టే మారిపోతుంది. మనవాళ్లు ఆ ముక్క రాయరు.

దీన్ని పేరులో పోలిక ఉన్న ఇంకో జబ్బుతో కలపకండి. 1985లో ఎప్లర్ బృందం వర్ణించిన బూప్‌ను, అంటే బ్రాంకియోలైటిస్ ఆబ్లిటరన్స్ ఆర్గనైజింగ్ న్యుమోనియాను, ఇప్పుడు ఆర్గనైజింగ్ న్యుమోనియా అంటున్నాం. అందులో మెత్తటి కణజాలపు మొగ్గలు గాలిబుడగల్లోకి పెరుగుతాయి. ఎక్స్‌రేలో తెల్ల మచ్చలు కనిపిస్తాయి, స్టెరాయిడ్‌కు కరిగిపోతాయి. మనం మాట్లాడుకుంటున్న జబ్బులో మచ్చ గట్టిది, స్టెరాయిడ్‌కు లొంగేది చాలా తక్కువ.

కారణాలలో మొదట చెప్పాల్సింది పాప్‌కార్న్ కథ. 2000లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో ఒక వైద్యుడు ఆరోగ్యశాఖకు కబురు పెట్టాడు. ఒకే మైక్రోవేవ్ పాప్‌కార్న్ ఫ్యాక్టరీలో గతంలో పనిచేసిన ఎనిమిది మందికి ఈ జబ్బు. నిపుణులు వెళ్లి ఫ్యాక్టరీ మొత్తాన్ని పరీక్షించారు. అక్కడి కార్మికుల్లో శ్వాస అడ్డంకి మామూలుకంటే 3.3 రెట్లు ఉంది. పొగతాగని వాళ్లలో 10.8 రెట్లు. వెన్న వాసన కోసం కలిపే డైఅసిటైల్ అనే రసాయనపు ఆవిరి దోషి అని తేలింది. ఈ వివరాలు 2002లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చాయి. ఆ ఎనిమిది మందినీ ఒకే చోట చేర్చింది స్కానింగ్ కాదు, ఎక్కడ పనిచేశారన్న ప్రశ్న.

రెండోది మన పెరటికి దగ్గరిది. చక్రముని ఆకు, కొందరు మల్టీవిటమిన్ మొక్క అంటారు. నర్సరీల్లో ఈ మధ్య బాగా అమ్ముతున్నారు. 1994, 95 ప్రాంతంలో తైవాన్‌లో దీని పచ్చి ఆకురసం తాగితే బరువు తగ్గుతారన్న ప్రచారం లేచింది. జామ, అనాస రసాల్లో కలిపి వారాల తరబడి తాగినవాళ్లలో ఎక్కువమంది యువతులు, నడివయసు ఆడవాళ్లు. వాళ్లకు ఇదే జబ్బు వచ్చింది, కొందరికి ఊపిరితిత్తులు మార్చాల్సి వచ్చింది. ఆగ్నేయాసియా దేశాల్లో ఇదే ఆకును తరతరాలుగా వండుకుని తింటున్నారు, అక్కడ ఇలాంటి ఉపద్రవం లేదు. కూరగా కాస్త వండుకోవడం వేరు, పచ్చిరసం గ్లాసులకొద్దీ తాగడం వేరు. ఫోన్లలో తిరిగే బరువు తగ్గే చిట్కాల్లో ఈ ఆకు పేరు కనిపిస్తే మీ ఇంటివాళ్లకు ఈ సంగతి చెప్పండి. ఆకుకూర కదా, ఏం చేస్తుందిలే అనుకునే జాతి మనది.

విషవాయువుల సంగతి వేరు. 1956లో అమెరికాలో పశుగ్రాసపు గాదెల్లోకి (సైలోల్లోకి) దిగిన రైతుల్లో లౌరీ, షూమన్ అనే వైద్యులు ఈ జబ్బును చూశారు. పులిసిన మేత నుంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్ దానికి మూలం. వాళ్ల పరిశీలనలో ఒక విషయం ఇవాళ్టికీ పనికొస్తుంది. గాలి తగిలిన రోజు దగ్గు, కళ్లమంట, ఆయాసం. అవి తగ్గి మనిషి మామూలుగా తిరుగుతాడు. రెండు వారాలకో ఆరు వారాలకో ఆయాసం మళ్లీ మొదలవుతుంది, ఈసారి తగ్గదు. రోగి ఆ రెండింటినీ కలిపి చెప్పడు. నీళ్ల ట్యాంకు దగ్గర క్లోరిన్ సిలిండర్ కారినా, కోల్డ్ స్టోరేజీలో అమ్మోనియా లీకైనా ఆ రోజు ఆసుపత్రికి వచ్చినవాళ్లను నెల తర్వాత మళ్లీ పిలిచి ఊదించాలి. 1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్‌లో మిథైల్ ఐసోసయనేట్ పీల్చి బతికినవారిని పదేళ్లకు పరీక్షిస్తే సన్ననాళాల అడ్డంకి మిగిలే ఉందని అంతర్జాతీయ వైద్య బృందం రాసింది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి కమ్మి పన్నెండు మంది పోయారు. స్టైరీన్ వాడే ఫైబర్‌గ్లాస్ పనివాళ్లలో ఈ జబ్బు ఉన్నట్టు వైద్య పత్రికల్లో రిపోర్టులున్నాయి. కాబట్టి ఆ ఊరివాళ్లను ఏళ్ల తరబడి ఊదే పరీక్షతో గమనించాలన్నది నా అభిప్రాయం.

అమెరికా సైనికుల సంగతి కూడా చెప్పాలి. ఇరాక్, అఫ్గానిస్తాన్ నుంచి తిరిగొచ్చిన కొందరు పరుగుపందెంలో నిలవలేకపోయారు. ఇరాక్‌లో 2003లో తగలబడ్డ గంధకపు గని పొగ వాళ్లలో చాలామందికి తగిలింది. 49 మందికి బయాప్సీ చేస్తే 38 మందిలో కన్‌స్ట్రిక్టివ్ బ్రాంకియోలైటిస్ బయటపడింది. వాళ్లందరి ఎక్స్‌రే బాగానే ఉంది. ఊదే పరీక్ష కూడా చాలామందిలో మామూలే. 2011లో అచ్చయిన ఆ వ్యాసం చదివాక రిపోర్టులన్నీ నార్మల్ అని రోగిని ఇంటికి పంపడం నాకు తేలిక కాలేదు.

మన ప్రాంతంలో నా దృష్టికి ముఖ్యమైంది మాత్రం పసిపిల్లల్లో న్యుమోనియా తర్వాత మిగిలే రూపం. అడినో వైరస్, తట్టు, మైకోప్లాస్మా వల్ల గట్టి న్యుమోనియా వచ్చి, కొన్నిసార్లు వెంటిలేటర్ మీద ఉండి బతికిన బిడ్డకు తర్వాత దగ్గు, పిల్లికూత తగ్గవు. తల్లిదండ్రులు నెబ్యులైజర్ కొని ఇంట్లో పెట్టుకుంటారు. అది ఉబ్బసమనే అందరి నమ్మకం. ఒకవైపు ఊపిరితిత్తి మాత్రమే దెబ్బతింటే ఎక్స్‌రేలో ఆ వైపు నల్లగా కనిపిస్తుంది. 1953లో కెనడాలో స్వయర్, జేమ్స్, మరుసటి ఏడాది లండన్‌లో మెక్లాయిడ్ వర్ణించిన సిండ్రోమ్ అదే. ఇరవై ఏళ్ల తర్వాత వేరే పని మీద ఎక్స్‌రే తీస్తే బయటపడేవాళ్లూ ఉన్నారు. అందుకని పెద్దవాళ్లను కూడా "చిన్నప్పుడు తట్టు పోసిందా? ఆసుపత్రిలో ఉంచారా?" అని అడగాలి. ఆ జవాబు తల్లి దగ్గరే ఉంటుంది, ఆమెను గది బయట నిలబెట్టకండి. తట్టు టీకా 1985 నుంచి సార్వత్రిక కార్యక్రమంలో ఉంది, ఆ సూది పడిందో లేదో కూడా కనుక్కోండి.

మిగతావి త్వరగా చెబుతాను. రుమటాయిడ్ కీళ్లవాతంతో ఈ జబ్బుకున్న సంబంధాన్ని 1977లో గెడ్డెస్ చూపించాడు. ఫిట్స్ మాత్రలకో సల్ఫా మందులకో ఒళ్లంతా తోలూడి బతికినవాళ్లలో, అంటే స్టీవెన్స్ జాన్సన్ తర్వాత, రావొచ్చు. మూలకణాల మార్పిడి, ఊపిరితిత్తుల మార్పిడి చేయించుకున్నవారికి ఇది పెద్ద శత్రువు. నడివయసు ఆడవాళ్లలో ఏళ్ల తరబడి పొడిదగ్గుతో ఉబ్బసంలా నడిచే డిప్‌నెక్ అనే దాయాది ఒకటుంది. అందులో నాళాల గోడల్లో న్యూరోఎండోక్రైన్ కణాలు పెరుగుతాయి.

ఇక మిల్లుల సంగతి. అడగకుండా మీరు నన్ను వదలరు. 1967లో ఎడమ కాలువలో నీళ్లు పారాక ఈ నేల వరి నేలయింది. మిర్యాలగూడ చుట్టూ బియ్యపు మిల్లులు వరుసకట్టాయి. ఉప్పుడు బియ్యం కోసం బాయిలర్లలో ఊక కాలుస్తారు. ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికాయే. మరీ ఎక్కువ వేడిలో కాలితే అది స్ఫటిక రూపంలోకి మారుతుంది. కోదాడ, హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు సిమెంటు, సున్నపురాయి ధూళి. వీటివల్ల దీర్ఘకాలపు దగ్గు, సీఓపీడీ, ఉబ్బసం లాంటివి రావడం అందరూ ఒప్పుకున్నదే. ధూళి పీల్చేవారి సన్ననాళాల్లో మచ్చకట్టడం కూడా కొత్త విషయం కాదు. కానీ ఇవాళ చెప్పిన శుద్ధమైన కన్‌స్ట్రిక్టివ్ బ్రాంకియోలైటిస్‌ను మిల్లు ధూళి ఖాతాలో వేయడానికి నేను సిద్ధంగా లేను. ఆయాసపడే ప్రతి హమాలీకి ఈ పెద్ద పేరు తగిలిస్తే అసలు చేయాల్సిన పని వెనక్కి పోతుంది. మిల్లులో ధూళి లాగే యంత్రం పెట్టించడం, ఏడాదికోసారి ప్రతి పనివాడితో ఊదించి ఆ కాగితం దాచడం చేయాల్సిన పని. పాత కాగితం ఉంటేనే ఎవరి ఊపిరి మిగతావాళ్లకంటే వేగంగా పడిపోతోందో తెలిసేది. ఆ ఒక్కడి కోసమే ఈ ఉపన్యాసం.

2019లో సూర్యాపేటకు మెడికల్ కాలేజీ వచ్చింది. ఇక్కడే ఏం చేయొచ్చో చూద్దాం. స్టెతస్కోపు గొంతు మీద పెట్టి, గట్టిగా గాలి పీల్చి ఒక్కసారిగా మొత్తం వదలమనండి. ఆరు సెకన్లు దాటినా శబ్దం ఆగకపోతే అడ్డంకి ఉన్నట్టే. 1959లో స్నైడర్ రాసిన అగ్గిపుల్ల పరీక్ష కూడా ఉంది. వెలిగించిన పుల్లను పదిహేను సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, పెదాలు ముడవకుండా నోరు బాగా తెరిచి ఆర్పమనాలి. ఆర్పలేకపోతే ఊపిరి బాగా తగ్గినట్టు. పెద్ద డాక్టరుగారి బల్ల మీద అగ్గిపెట్టె ఎందుకుండేదో కాంపౌండర్లకు చాలాకాలం అర్థం కాలేదట!

తర్వాత స్పైరోమెట్రీ. మందు పీల్చకముందు, పీల్చాక రెండుసార్లూ ఊదించాలి. ఉబ్బసంలో రెండోసారి అంకె లేస్తుంది. ఇక్కడ లేవదు. లోపల ఇరుక్కున్న గాలి, అంటే రెసిడ్యువల్ వాల్యూమ్, పెరిగి ఉంటుంది. సీటీ రాసేటప్పుడు మామూలు సీటీ అని వదిలేయకండి. ఊపిరి పీల్చి ఒకసారి, పూర్తిగా వదిలి ఇంకోసారి తీయమని చీటీలో రాయండి. వదిలినప్పుడు బాగున్న భాగం తెల్లబడుతుంది. గాలి ఇరుక్కున్న భాగం నల్లగానే ఉండిపోతుంది, ఆ నల్లటి చోట రక్తనాళాలు సన్నగా ఉంటాయి. పీల్చి మాత్రమే తీసిన సీటీలో ఇది దాదాపు కనిపించకపోవచ్చు. కథ, ఊదే పరీక్ష, ఈ రెండో సీటీ మూడూ ఒకే మాట చెబితే చాలామందికి కత్తి అవసరం ఉండదు. కథ సరిపోని చోటే బయాప్సీ.

మందుల విషయంలో జపాన్ అనుభవం ఒకటి చెప్పాలి. 1969లో అక్కడ హొమ్మా, యమనకా డిఫ్యూజ్ పాన్‌బ్రాంకియోలైటిస్ అనే సన్ననాళాల జబ్బును గుర్తించారు. సైనసైటిస్, రోజూ గిన్నెడు తెమడ, స్లైడులో నురగలాంటి మాక్రోఫేజులు దాని గుర్తులు. ఊరి డాక్టరు ఒకరు ఒక రోగికి చాలాకాలం ఎరిత్రోమైసిన్ ఇస్తూ వచ్చాడు. ఆ రోగి కోలుకోవడం గమనించిన కుడో అనే వైద్యుడు దానిని చికిత్సగా మలిచాడు. 1970లలో అయిదేళ్లు బతికినవారు 63 శాతం, 1985 తర్వాత 91 శాతం. ఆ చిన్న మోతాదు మందు సూక్ష్మక్రిములను చంపడం కంటే వాపును తగ్గించడం వల్ల పనిచేస్తుందని తర్వాత తేలింది.

ఆ వరుసలోనే అజిత్రోమైసిన్‌ను కన్‌స్ట్రిక్టివ్ బ్రాంకియోలైటిస్‌లో వాడుతున్నాం. కొందరిలో పతనం నెమ్మదిస్తుంది. కానీ మనది ఆ మాత్రను జలుబుకు కూడా మింగే నేల. దీర్ఘకాలం ఇచ్చేముందు ఈసీజీ తీయాలి, వినికిడి చూడాలి, తెమడలో టీబీ జాతి సూక్ష్మక్రిములు లేవని తేల్చుకోవాలి. మూలకణాల మార్పిడి తర్వాత ఈ జబ్బు రాకుండా ముందుజాగ్రత్తగా దీర్ఘకాలం ఇస్తే క్యాన్సర్ తిరగబెట్టడం పెరిగిందని 2018లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. స్టెరాయిడ్ కొన్ని వారాలు ప్రయత్నించవచ్చు. ఊదే పరీక్షలో అంకె కదలకపోతే మెల్లగా తగ్గిస్తూ ఆపేయాలి. ఆయాసం ఉందని ఏళ్ల తరబడి మింగిస్తే షుగరు, ఎముకల బలహీనత మిగులుతాయి.

కుటుంబానికి ఏం చెప్పాలన్నది కష్టమైన భాగం. పోయిన నాళాలు తిరిగి రావు. అయితే కారణం ఏదైనా పొగో ఆవిరో రసమో అయితే దాన్ని ఆపినరోజు నుంచి చాలామందిలో జబ్బు అక్కడే నిలిచిపోతుంది. అందుకే పని మార్చుకోమనడం ఇక్కడ చికిత్సలో భాగం. ఆ మాట చెప్పేటప్పుడు రోగి కూలి డబ్బు గురించి కూడా మాట్లాడాలి, లేకపోతే వారానికే అదే చోటికి తిరిగిపోతాడు. ఫ్లూ, న్యూమోకాకల్ టీకాలు వేయించండి. మూడు నెలలకోసారి ఊదించండి. వరుసగా రెండు మూడుసార్లు అంకె పడిపోతుంటే ఆక్సిజన్ సిలిండర్ ఇంటికి చేరేదాకా ఆగకుండా ఊపిరితిత్తుల మార్పిడి చేసే హైదరాబాద్ కేంద్రానికి పంపండి. అవయవాల కోసం ఎదురుచూసేవారి జీవన్‌దాన్ జాబితాలో పేరు ఎక్కడానికి రోగి నడవగలిగే స్థితిలో ఉండాలి. మంచాన పడ్డాక పంపిన చీటీతో అక్కడ చేయగలిగింది చాలా తక్కువ.